తాత పిస్తోలుకు తక్కువైన చక్రం

మొన్న ఆయుధపూజ నాడు చిక్కబళ్ళాపురంలో మా ఇంటి ముందర కారుకు, రెండు స్కూటర్లకు, లోపల మిక్సీకి, కుట్టుమిషనుకు, చివరికి మా కోడలి ల్యాప్‌టాప్‌కు కూడా కుంకుమ బొట్లు పెట్టి, బూడిదగుమ్మడికాయ కొట్టి, అందరం కూర్చుని ఒబ్బట్లు తింటూ ఉండగా, మా చిన్న మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుని, "అన్నీ సామాన్లే ఉండాయి గదా తాతా, ఆయుధం యాడ?" అని అడిగింది. పిల్ల అడిగింది న్యాయమైన మాటే. మా అమ్మ పుట్టింట్లో అసలైన ఆయుధం ఒకటి ఉండేదనీ, కానీ దాన్ని ఏ ఒక్క ఆయుధపూజలోనూ పెట్టలేదనీ, దాన్ని నలుగురి ముందూ పెట్టదగినట్టుగా చేయడానికి నా ఉద్యోగపు తొలి ఏళ్ళలో నేను పడిన తిప్పలు తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు రక్తపోటు పెరుగుతుందనీ చెప్పబోయి, ఒబ్బట్టు చల్లారిపోతుందని మానుకున్నాను. పిల్లకు చెప్పలేనిది నా ఈడువాళ్ళైన మీకు చెప్పుకుంటే కొంత బరువైనా దిగుతుందని ఇది రాస్తున్నాను.

అప్పట్లో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలన్నీ కోలారు జిల్లాలోనే ఉండేవి, రాష్ట్రం పేరు ఇంకా మైసూరే. రోడ్లు, కట్టడాలు చూసే సర్కారీ కచేరీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి రెండో ఏడు నడుస్తోంది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, నక్షాల మీద ఇంగ్లీషు, ఇలా పొద్దున్నించి సాయంత్రానికి మూడు భాషల్లో బతికే వాళ్ళం. పెన్సిలు ములుకు సన్నగా చెక్కుకోవడం, ఒక కొలత తీసిన తర్వాత నమ్మకం లేక మళ్ళీ తీయడం, పడుకోబోయే ముందు ఆ రోజు జరిగింది డైరీలో రాసుకోవడం, ఇవి అప్పుడే అంటుకున్న అలవాట్లు. ఆ కాలపు డైరీలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. తీసి తిరగేస్తే వాటిలో ఎక్కువగా కనిపించే వాక్యం, "పిస్తోలు పని నేడు కూడా కాలేదు" అన్నదే.

మా తాత, అంటే మా అమ్మకు తండ్రి, బాగేపల్లి దగ్గర పరగోడులో సేద్యం చేసుకునే మనిషి. పెళ్ళై, మా అమ్మ ఒళ్ళో పిల్లగా ఉన్నప్పుడే మహారాజావారి గుర్రపు పటాలంలో చేరి, మొదటి మహాయుద్ధానికి సముద్రం దాటి ఒంటెల దేశాలకు పోయి తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండే, ఎడమ మోకాలిలో ఒక నొప్పి, గుడ్డలో చుట్టిన ఒక మిలిటరీ రివాల్వరు. దాన్ని ఇంట్లో అందరూ పిస్తోలు అనేవాళ్ళు. అది ఆయన చేతికి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. అడిగితే "ఇచ్చినారు, తెచ్చుకుంటి" అనేవాడు, అంతకు మించి ఒక్క మాట రాలేది కాదు.

నాకు తెలిసినప్పటి నుంచీ ఆ పిస్తోలు సగం వస్తువే. గొట్టం ఉంది, ట్రిగ్గరు ఉంది, పిడికి ఒక వైపు చెక్క ఉంది. రెండో వైపు చెక్క లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, గుండ్లు పెట్టుకునే ఆరు రంధ్రాల ఇనుప చక్రం, దేన్నైతే మా కచేరీ ఇంగ్లీషులో సిలిండరు అంటామో అది, అసలే లేదు. నడుమ భాగం ఖాళీగా, పళ్ళూడిన నోరులాగా ఉండేది. భిన్నమైన ఆయుధానికి పూజ చేయకూడదని మా వైపు ఆచారం కాబట్టి, ఆయుధపూజ నాడు నాగలి, కొడవలి, పలుగు, తక్కెడ వరుసగా కూర్చుని బొట్లు పెట్టించుకుంటుంటే, వాటన్నిటికన్నా ఆయుధమనే పేరుకు తగింది మాత్రం పెట్టెలో పాత కంబళి కింద పడి ఉండేది.

ఊళ్ళో ఆయన ఈడువాళ్ళు సాయంత్రం పూట అరుగు మీద చేరితే ఈ సంగతి ఎత్తకుండా లేచేవాళ్ళు కాదు. "నీకు పిస్తోలు యాడిది బావా? నువ్వు ఆడ గుర్రాలకు ఒళ్ళు తోమినోడివి. ఏ గుజిరీ తుక్కు సామాన్లలోనో ఏరుకొచ్చింటావు. కాకుంటే చక్రం యాడపాయ?" అనేవాళ్ళు. తాత తువ్వాలుతో మోకాలు దులుపుకుని నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు పెదవుల దాకానే ఉండేదని నేను పెద్దవాణ్ణయ్యాక గాని గమనించలేదు.

ఇలా ఉండగా బాగేపల్లి హైస్కూలుకు కొత్త హాలు కట్టారు. అక్కడి హెడ్మాస్టరు ఉత్సాహవంతుడు. హాలులో ఒక గాజు బీరువా పెట్టించి, తాలూకాలో పాత వస్తువులు ఎవరి దగ్గర ఉన్నా తెప్పించి, వాళ్ళ వాళ్ళ పేర్లు రాసి ప్రదర్శనకు పెట్టాలని ఆయన సంకల్పం. కత్తులు, రాగి శాసనం ఒకటి, పాతకాలపు ముద్రలు వచ్చి చేరాయి. తాత తన పిస్తోలు సంగతి చెప్పుకోవడానికి ఆయన దగ్గరికి పోతే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అపూర్ణ అల్లవా, యజమానరే? ప్రారంభానికి దొడ్డ సాహేబరు, పెద్ద అధికారి, వస్తాండారు. సగం వస్తువు పెడితే నన్ను నవ్వుతారు. పూర్తి చేయించుకొని రండి, మీ పేరు పెద్దక్షరాల్లో నేనే రాయిస్తాను" అన్నాడట.

తాత నన్ను పిలిపించాడు. ఎన్నడూ ఎవరినీ ఏదీ కావాలని అడగని మనిషి, ఆ రోజు పిస్తోలును తువ్వాలుతో సహా నా ఒళ్ళో పెట్టి, "నువ్వు కొలతలు తీసేవాడివి గదప్పా. దీనికేం తక్కువైందో చూడు. నేనుండంగా ఒకసారి పూర్తిగా చూడాల. ఆ గాజుబీరువాలో నా పేరుతో ఉండాల" అన్నాడు. అంతకన్నా ఏం కావాలి నాకు? ఆ రాత్రి డైరీలో "నెలలో ముగించగలను" అని రాశాను. ఆ వాక్యం మీద ఇప్పుడు చూపు పడినా నాకు నా మీదే చిరాకు పుడుతుంది.

మొదట తుప్పు. పిస్తోలును కిరసనాయిలులో నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ నానబెట్టి, మరలను ఆముదంతో తడుపుతూ, ఆదివారాలన్నీ దానికే పోయేవి. అద్దెగదిలో నాతోపాటు ఉండే మిత్రుడు కిరసనాయిలు వాసన పడలేక మంచాన్ని వరండాలోకి మార్చుకున్నాడు. పిడికి తక్కువైన చెక్కను, మా వైపు బీటె అనే నల్లటి కర్రతో, చిక్కబళ్ళాపురం వడ్రంగి చేత చేయించాను. నేను ఇచ్చిన నక్షాను అతను అద్దంలో చూసినట్టుగా తిరగేసి చెక్కి, కుడి చెక్క అడిగితే ఎడమ చెక్క ఇచ్చాడు. ఉన్నది ఎడమదే. మళ్ళీ చేయించాను. తర్వాత ఠాణా. చక్రం లేని పిస్తోలుకు లైసెన్సు ఎందుకని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు గాని, పూర్తి చేసి ప్రదర్శనకు పెడతామనేసరికి అర్జీ మీద అర్జీ రాయవలసి వచ్చింది. చివరికి గొట్టంలో సీసం కరిగించి పోయించి, ఇక ఇది ఎప్పటికీ పేలదని తేల్చుకున్నాక గాని ఒప్పుకోలు కాగితం చేతికి రాలేదు.

ఇక మిగిలింది చక్రం. అది చూడకుండానే దాన్ని గీయడం నాకు పెద్ద సవాలై కూర్చుంది. ఖాళీని కొలిచి, గొట్టం నోటిని కొలిచి, ఇరుసు పట్టే బెజ్జాన్ని కొలిచి, పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి మూడు నక్షాలు గీశాను. కచేరీలో మా పై అధికారి చూసి, ఇంత శ్రద్ధ గౌరిబిదనూరు వంతెన మీద పెట్టవయ్యా అన్నాడు. ఆ నక్షాలు తీసుకుని చింతామణికి బస్సెక్కాను. అక్కడ రైసు మిల్లులకు, బావుల మీది పంపులకు పనిచేసే లేతు షెడ్డు ఒకటి ఉందని, దాని మేస్త్రి ఏ ముక్కనైనా చేయగలడని ఎవరో చెప్పారు.

మేస్త్రి నక్షాను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇదేంది సార్, తేనెపట్టా?" అన్నాడు. విషయం చెప్పాను. "ఓ, పిస్తోలుదా! అదెంత పని సార్. వచ్చే శుక్రవారం రాండి" అన్నాడు. శుక్రవారం పోతే, పంపులు రిపేరుకు వచ్చాయన్నాడు. మరో వారం పోతే, కరెంటు లేదన్నాడు. ఇంకోసారి పోతే, షెడ్డుకు తాళం. అంత దూరం దుమ్ములో పోయి వచ్చినందుకు నా ముఖం మాడిపోయిందని కనిపెట్టి, పక్క కొట్టాయన టీ తెప్పించి ఇచ్చి, "శెనక్కాయ చేలు ఎండుతాండాయి సార్. రైతు ముందా, మీ పిస్తోలు ముందా? యుద్ధమేమన్నా వచ్చిందా?" అని ఓదార్చాడు. మొదటి చక్రం వచ్చింది. ఖాళీలో పట్టలేదు. రెండోది వచ్చింది. పట్టింది గాని గుంతలు ఐదే. ఎందుకని అడిగితే, "ఆరు పెడితే గోడ పల్చనైతాది సార్, పేలిందంటే మీ చెయ్యి పోతాది. మీ మంచికే ఒకటి తగ్గిస్తి" అన్నాడు. ఇది పేలదయ్యా, నోట్లో సీసం పోశారయ్యా అని నేను మొత్తుకుంటే, "పేలనిదానికి ఐదైతేనేమి, ఆరైతేనేమి సార్?" అన్నాడు. ఆ ఐదు గుంతల చక్రాన్ని రుమాల్లో మూటకట్టుకుని తిరిగొచ్చాను.

అలా నెల అనుకున్నది ఏడాదికి దగ్గరైంది. హాలు ప్రారంభం ఉగాది తర్వాత అని తేలింది. ఉగాదికి ముందు ఒక శుక్రవారం సెలవు పెట్టి పరగోడుకు పోయాను. తాత చేనికి పోయి ఉన్నాడు. మా అవ్వ పెరట్లో పూజ సామాన్లన్నీ ముందర వేసుకుని చింతపండుతో తోముతోంది. ఏటా పండగ ముందు ఆమె చేసే పనే అయినా, ఆ సమయానికి నేనెప్పుడూ అక్కడ లేను. కాళ్ళు కడుక్కుందామని తొట్టి దగ్గరికి పోయిన వాణ్ణి, తోమి బోర్లించిన హారతి పళ్ళెం పక్కన ఉన్న వస్తువు చూసి అక్కడే నిలబడిపోయాను.

అది మా అవ్వ దేవుడి గూట్లో అగరొత్తులు గుచ్చే దిమ్మె. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దాన్ని చూస్తున్నాను. ఎప్పుడు చూసినా పైన విభూతి నిండి, చుట్టూ పసుపు, కుంకుమ అట్టలు కట్టి, పొగకు నల్లబడి, మట్టి ముద్దలాగా ఉండేది. ఆ రోజు బూడిద రాల్చి, నీళ్ళు పోసి కడిగి పెట్టినందువల్ల అది ఏమిటో మొదటిసారి కనిపించింది. నల్లటి ఇనుము. గుండ్రటి ఆకారం. ఆరు గుంతలు. నా జేబులో ఉన్న నక్షా తీయకుండానే, ఇన్నాళ్ళూ నేను కలలో కూడా గీస్తున్న గీతలన్నీ అక్కడ ఒక్కచోట చేరి కూర్చున్నాయి. కొలిచాను. వెంట్రుక వాసి తేడా లేదు. చింతామణి బస్సుల దుమ్ము, మేస్త్రి శుక్రవారాలు, ఐదు గుంతల చక్రం అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగి, నాకు సంతోషం కన్నా ముందు ఏడుపు వచ్చినంత పనైంది.

"అవ్వా, ఇది పిస్తోలు చక్రం!" అన్నాను.

"అవును" అంది అవ్వ, గంటను తోముతూ.

"నీకు తెలుసా?"

"తెలీకేం, నేనే పెడితి."

"ఏడాదిగా దీనికోసం ఊళ్ళు తిరుగుతాండా గదా అవ్వా!"

"నువ్వు నన్ను అడగలేదు గదరా" అని, గంటను నీళ్ళలో ముంచి, "అది ఇప్పుడు పిస్తోలుది గాదు, దేవునిది. దాన్ని అట్ల పెట్టు" అంది.

నేను నాకు తెలిసిన వాదనలన్నీ వాదించాను. అప్పటికప్పుడు బాగేపల్లి పోయి నెమలి బొమ్మ ఉన్న మంచి ఇత్తడి అగరొత్తుల స్టాండు కొని తెచ్చి ఇచ్చాను. చాలా బాగుందని మెచ్చుకుని, పెట్టెలో దాచి, చుట్టాలు వచ్చినప్పుడు పెడతానంది. దేవుడికి ఇనుము పనికిరాదు గదా అన్నాను. ఇన్నేళ్ళుగా దేవుడు ఏమీ అనలేదంది. తాత పేరు గాజుబీరువాలో ఉండాలంటే ఇది కావాలన్నాను. ఆ మాటకు మాత్రం ఆమె చేతులు కాసేపు ఆగాయి, కానీ ఇస్తానని అనలేదు.

ఆ సాయంత్రం తాత రాగానే, చక్రం దొరికింది తాతా, మన ఇంట్లోనే ఉంది అని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, "చిక్కబళ్ళాపురంలో గీతలు గీసేవాడివి, గూట్లో ఉండేది కనపడేదానికి నీకు ఏడాది పట్టిందా?" అని, గొంతు తగ్గించి, "ఆమె ఏమనింది?" అని అడిగాడు. అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు! తెలిసీ నన్ను వడ్రంగి చుట్టూ, మేస్త్రి చుట్టూ తిప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దవాడు కాబట్టి సరిపోయింది గాని, ఆ రోజు డైరీలో రాసినది ఇక్కడ రాయదగినది కాదు.

మరునాడు పొద్దున తాత ఎద్దుల్ని తోలుకుని పోయాక, సంగటి వడ్డిస్తూ, నేను అడక్కుండానే అవ్వ చెప్పుకొచ్చింది. యుద్ధం నుంచి వచ్చిన కొత్తలో తాత ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. పొద్దున లేచి అరుగు మీద కూర్చుని, పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఆ చక్రం తిప్పుతూ ఉండేవాడట. కిరకిరమని తిరగడం, ఆగడం, మళ్ళీ తిప్పడం. పిలిస్తే పలకడు, పెడితే తినడు, అప్పటికి నడుస్తున్న మా అమ్మ పోయి మోకాలు పట్టుకున్నా చూడడు.

"గుండ్లు లేవు, నాకు తెలుసు" అంది అవ్వ. "పేలుతాదని గాదురా నా భయం. ఆ చక్రం తిరిగినంత సేపూ ఆయన ఈడ ఉండేవాడు గాదు. ఆ దేశంలోనే ఉండేవాడు. నాకు మనిషి వచ్చినాడు గాని, మొగుడు రాలా."

ఒక రోజు ఆయన ఆ చక్రాన్ని ఊడదీసి, నూనె రాసి గుడ్డ మీద పెట్టి స్నానానికి పోతే, ఈమె దాన్ని తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టి, గుంతల్లో విభూతి పోసి, అగరొత్తులు గుచ్చి వెలిగించిందట. "తల తుడుచుకుంటా వచ్చినాడు. గుడ్డ చూసినాడు. గూట్లో చూసినాడు. నన్ను చూసినాడు. కొడతాడేమో అనుకుంటి. ఏమీ అనలా. పలుగు తీసుకొని చేనికి పోయినాడు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు" అని, నా ముద్ద మీద పులుసు పోసి, "తిను, చల్లారిపోతాది" అంది.

సంగతి తెలిశాక నా కోపం తగ్గవలసింది. నిజం చెప్పాలంటే, తగ్గలేదు. ప్రారంభం దగ్గరికి వచ్చింది, హెడ్మాస్టరు కచేరీకి మనిషిని పంపి మరీ గుర్తుచేస్తున్నాడు, అసలు చక్రం కళ్ళెదురుగా ఉంది, గొట్టంలో సీసం ఉంది, ఇక భయమేముంది? చేనికి పోయి తాతను పట్టుకున్నాను. "నువ్వు ఒక్క మాట అడుగు తాతా, అవ్వ ఇచ్చేస్తుంది" అన్నాను.

ఆయన ఎద్దు మెడ మీద చేయి వేసి నిమిరాడు. "అవునప్పా, నేను అడిగితే ఇచ్చేస్తాది" అన్నాడు. "అందుకే అడగలా."

నేను మళ్ళీ చింతామణి బస్సెక్కాను. ఈసారి అసలు చక్రం కొలతలే చేతిలో ఉన్నాయి కాబట్టి, షెడ్డులో బల్ల వేసుకుని కూర్చుని, మేస్త్రి చేత ఆరు గుంతలు తొలిపించే దాకా లేవలేదు. మూడో చక్రం వచ్చింది. ఖాళీలో అచ్చంగా కూర్చుంది. తళతళ మెరిసింది. కానీ వెనక వైపు పళ్ళు సరిగా తెగకపోవడం వల్ల ఎంత బలంగా తోసినా తిరగలేదు. ఇంకో వారం ఇస్తే తిరిగేట్టు చేస్తానన్నాడు. వారం ఎక్కడిది, ప్రారంభం మూడో నాడే.

ప్రారంభానికి ముందు రోజు సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, పరగోడులో అరుగు మీద పాత దుప్పటి పరచుకుని, పిస్తోలు, మేస్త్రి చక్రం, స్క్రూడ్రైవరు ముందర పెట్టుకుని కూర్చున్నాను. తాత గోడకు ఆనుకుని చూస్తున్నాడు. లోపలి నుంచి అవ్వ వచ్చింది. చేతిలో గూట్లోని చక్రం. కడిగి, తుడిచి, కొంగు చివర పెట్టుకుని తెచ్చింది. నా వైపు చూడలేదు. తాత పక్కన దుప్పటి మీద దాన్ని పెట్టి, "నోట్లో సీసం పోసినారంట గదా. తీసుకో" అంది.

తాత వెంటనే ముట్టుకోలేదు. తర్వాత తీసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. నా చేతిలోంచి పిస్తోలు తీసుకుని, నేను ఏడాదిగా కొలిచిన చోట, కళ్ళతో చూడకుండానే, వేళ్ళతో దాన్ని కూర్చోబెట్టి ఇరుసు దూర్చాడు. నా జన్మలో ఆ పిస్తోలును పూర్తిగా చూసింది ఆ కాసేపే. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఆయన బొటనవేలు చక్రం మీద ఆనించి ఒక్కసారి తిప్పాడు. కిరకిరమంది. అవ్వ పిస్తోలును చూడలేదు, ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడింది.

చక్రం ఆగింది. తాత తల ఎత్తి ఆమెను చూసి, ఇరుసు లాగి, చక్రం తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇదో, తీసుకపో. దీపం పెట్టే పొద్దైతాంది" అన్నాడు.

"తాతా!" అన్నాను నేను.

"నువ్వు చేయించినావు గదప్పా, దాన్ని పెట్టు."

"అది తిరగదు తాతా! ఎంత కష్టపడినా తిరగలేదు."

"తిరగకుంటేనే మంచిదిలే" అని లేచి, మోకాలు పట్టుకుని, ఎద్దులకు కుడితి పెట్టడానికి పోయాడు.

మరునాడు హాలు ప్రారంభమైంది. గాజు బీరువాలో రాగి శాసనం పక్కన, తెల్లటి గుడ్డ మీద, తాత పేరుతో పిస్తోలు కూర్చుంది. హెడ్మాస్టరు మాట తప్పలేదు, పేరు పెద్దక్షరాల్లోనే రాయించాడు. వచ్చిన పెద్ద అధికారి బీరువా ముందు కాసేపు నిలబడి, మిగతా భాగం తుప్పు తిన్నదిగాని ఈ చక్రం మాత్రం ఏమి పనితనం, ఆ కాలపు సీమ ఉక్కు అంటే ఇదీ అని, సరిగ్గా మేస్త్రి చేసిన ముక్కనే వేలితో చూపించి మెచ్చుకున్నాడు. పక్కనే ఉన్న నాకు నోటిదాకా వచ్చిన మాటను, తాత నా చేయి పట్టుకుని ఆపాడు. ఊరి నుంచి వచ్చిన ఆయన ఈడువాళ్ళు గాజుకు ముక్కులు ఆనించి చూసి, "పిస్తోలు నిజమేనే!" అని, ఈసారి ఇంకో వంక దొరక్క, "ఐతే బావా, ఒక్కణ్ణన్నా కాల్చినావా?" అని మొదలుపెట్టారు. అవ్వ ఆడవాళ్ళతో పాటు వెనక నిలబడి, పంచిపెట్టిన బూందీ పొట్లం కొంగులో ముడివేసుకుంటోంది. బీరువా దగ్గరికి రాలేదు. పిలిస్తే, "నేను చూసిందే గదా" అంది.

ఇంతా చేసి నాకు మిగిలిందేమిటంటే, నా చేతుల మీదుగా జరిగిన ఆ మొదటి పెద్ద పని సరిగా పూర్తి కాలేదన్న చిరాకు. తర్వాత వంతెనలు గీశాను, చెరువు కట్టలు గీశాను, అవన్నీ నిలబడే ఉన్నాయి. ఈ ఒక్కదాని దగ్గరే, సరైన ముక్క ఒకచోట, పెట్టవలసిన ఖాళీ ఒకచోట ఉండగా, తప్పు ముక్క పెట్టి మరలు బిగించి వచ్చాను. క్రమం పాటించే మనిషికి ఇది ఎంత బాధో మీలో నాలాంటి వాళ్ళకే తెలుస్తుంది.

మొన్న ఆయుధపూజ నాడు ఒబ్బట్లు తిన్న తర్వాత, పిల్లలు అటు పోయాక, ఈ కథంతా మా కోడలికి చెప్పాను. ఇప్పటి ఇళ్ళలో ఎవరికి ఏం కావాలన్నా నోరు విప్పి అడుగుతారు, అవునో కాదో అప్పుడే తేలిపోతుంది, దేన్నీ మనసులో పెట్టుకుని ఏళ్ళు గడపరు. అది మంచి అలవాటేనని నాకు తెలుసు, నేనూ అడిగి, కొలిచి, రాసిపెట్టుకునే రకమే. అంతా విని మా కోడలు నవ్వి, "నలభై ఏళ్ళా మామయ్యా! ఆయన ఒక్క మాట అడిగేసుంటే పోయేది గదా" అంది.

నిజమే, పోయేది. అడిగి ఉంటే ఆ వారంలోనే చక్రం వచ్చి పిస్తోలులో కూర్చునేది, నాకు చింతామణి తిరుగుళ్ళు తప్పేవి, పెద్ద అధికారి మెచ్చుకున్నది అసలైన ఉక్కే అయ్యేది. అవ్వ మాత్రం ఆ పొద్దు నుంచి మళ్ళీ, ఆయన ఇక్కడ ఉన్నాడా, ఆ దేశానికి పోయాడా అని ముఖం చూసుకుంటూ బతికేది. ఇది కోడలికి ఎలా చెప్పాలో తెలియక, "అవునమ్మా, పోయేది" అని ఊరుకున్నాను.